కంపెనీ సొంత సైటులో లైవ్ రిపోర్టులు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఉమ్మడి కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల నుంచి ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే విషయం మీద ఉన్నాయి. ఆఫీసువాళ్లు రోజూ తెరిచే అంతర్గత వెబ్‌సైటులోనే అమ్మకాలు, స్టాకు, ఉత్పత్తి లెక్కలు ఎప్పటికప్పుడు కనిపించాలి, ఎక్సెల్ ఫైళ్లు మెయిల్లో తిప్పే పని తప్పాలి అని అందరి కోరిక. మంచి కోరికే. సైటులో చార్టు కనిపించేలా చేయడం అరగంట పని. ఆ చార్టులోని అంకె ఏ గంటది, అది ఎవరెవరి కంట పడుతోంది, దాన్ని తెచ్చే క్వెరీ (డేటాబేస్‌ను అడిగే ప్రశ్న) బిల్లింగ్ సర్వర్ మీద ఎంత బరువు వేస్తోంది అన్నవి చూసుకోవడానికే అసలు సమయం పడుతుంది. కింది ప్రశ్నలు దాదాపు అన్నీ ఆ మూడింటి చుట్టూ తిరిగేవే.

ఆదోని నుంచి ఒక పాఠకుడు: మాది జిన్నింగ్ మిల్లు. మైక్రోసాఫ్ట్ 365 ఉంది, షేర్‌పాయింట్‌లో ఇంట్రానెట్ (ఆఫీసు అంతర్గత సైటు) పెట్టుకున్నాం. రోజూ కొన్న పత్తి క్వింటాళ్లు, కట్టిన బేళ్లు, గోడౌన్ స్టాకు పవర్ బీఐలో (మైక్రోసాఫ్ట్ వారి రిపోర్టుల సాఫ్ట్‌వేర్) రిపోర్టుగా చేశాం. ఇంట్రానెట్ పేజీలో పెట్టడానికి ‘పబ్లిష్ టు వెబ్’ వాడితే ఎవరికీ లైసెన్సు అక్కర్లేదని మాకు సాఫ్ట్‌వేర్ పని చేసే ఆయన అంటున్నారు. వాడవచ్చా?

వాడకండి. ‘పబ్లిష్ టు వెబ్’ ఇచ్చే లింకు దొరికిన ఎవరైనా, ఎక్కడి నుంచైనా, లాగిన్ లేకుండా రిపోర్టు చూడగలరు. మీ ఇంట్రానెట్ పేజీకి పాస్‌వర్డు ఉన్నా ఐఫ్రేములో (ఒక పేజీలో ఇంకో పేజీని చూపించే కిటికీ) ఉన్న ఆ లింకుకు ఉండదు. పేజీ చూసినవాళ్లలో ఒక్కరు దాన్ని కాపీ చేసి వాట్సాప్‌లో పెడితే చాలు. మీ దగ్గర ఎన్ని బేళ్లు నిలవ ఉన్నాయో, క్వింటా ఎంతకు కొన్నారో మార్కెట్ యార్డులో మీకు పోటీగా పాట పాడే వ్యాపారి చేతికి పోతుంది. ఎవరికి ఏ వరుసలు కనిపించాలో నిర్ణయించే రో-లెవల్ సెక్యూరిటీ కూడా ఈ పద్ధతిలో పనిచేయదు. ఇప్పటికే అలాంటి లింకు తయారుచేసి ఉంటే ఈరోజే తీసేయండి: పవర్ బీఐ సైటులో సెట్టింగ్స్ గుర్తు నొక్కి ‘మేనేజ్ ఎంబెడ్ కోడ్స్’ తెరిస్తే జాబితా వస్తుంది, అక్కడ డిలీట్ చేయవచ్చు. అడ్మిన్ పోర్టల్‌లోని టెనెంట్ సెట్టింగ్స్‌లో ‘పబ్లిష్ టు వెబ్’ను కంపెనీ మొత్తానికీ ఆపేయడం ఇంకా మంచిది.

షేర్‌పాయింట్ ఉన్నవాళ్లకు సరైన దారి సులువుగానే ఉంది. పవర్ బీఐ సైటులో రిపోర్టు తెరిచి, ఫైల్ మెనూలో ‘ఎంబెడ్ రిపోర్ట్’, అందులో ‘షేర్‌పాయింట్ ఆన్‌లైన్’ ఎంచుకోండి. వచ్చిన లింకు కాపీ చేసుకోండి. షేర్‌పాయింట్‌లో మోడర్న్ పేజీని ఎడిట్‌లో తెరిచి, ప్లస్ గుర్తు నొక్కి పవర్ బీఐ వెబ్ పార్ట్ చేర్చి, లింకును అందులో పేస్ట్ చేసి పబ్లిష్ చేయండి. ఏ పేజీ ముందు కనిపించాలి, ఫిల్టర్ల పట్టీ ఉండాలా వద్దా అన్నవి వెబ్ పార్ట్ సెట్టింగుల్లోనే ఉంటాయి. పాత తరహా క్లాసిక్ పేజీల్లో ఈ వెబ్ పార్ట్ రాదు.

చాలామంది ఇక్కడి దాకా వచ్చి ఆగిపోతారు. పేజీ అందరికీ తెరుచుకుంటుంది, రిపోర్టు ఉండాల్సిన చోట మాత్రం అనుమతి లేదని వస్తుంది. షేర్‌పాయింట్ పేజీకి ఇచ్చిన అనుమతి రిపోర్టుకు వర్తించదు. రెండూ విడివిడిగా ఇవ్వాలి. ఒక్కొక్కరి మెయిలూ చేర్చుకుంటూ పోకుండా మైక్రోసాఫ్ట్ 365లో ఒక సెక్యూరిటీ గ్రూపు చేసి, అదే గ్రూపుకు పేజీ అనుమతి, రిపోర్టు అనుమతి రెండూ ఇస్తే తర్వాత కొత్తగా చేరినవాళ్లను గ్రూపులో కలిపితే సరిపోతుంది.

లైసెన్సు సంగతి. రిపోర్టు చేసేవాళ్లకే కాదు, చూసే ప్రతి ఒక్కరికీ ప్రో లైసెన్సు కావాలి. కంపెనీకి ఫ్యాబ్రిక్ ఎఫ్64 లేదా అంతకు మించిన కెపాసిటీ (మైక్రోసాఫ్ట్ దగ్గర కంపెనీ మొత్తానికి కొనే సర్వర్ సామర్థ్యం) ఉంటేనే ఉచిత లైసెన్సుతో చూడగలరు. మిల్లులో చూసేవాళ్లు పదిహేను, ఇరవై మంది అయితే ప్రో కొనుక్కోవడమే తక్కువ ఖర్చు. వందల్లో ఉంటే కెపాసిటీ ధర తెప్పించి పోల్చి చూడండి. అంత డబ్బు పెట్టలేమనుకుంటే కింద బేతంచర్ల పాఠకుడికి చెప్పిన దారి చూడండి.

తాడిపత్రి నుంచి: మాది సిమెంటు రవాణా చూసే కంపెనీ. డిస్పాచ్ డేటా ఆఫీసులోని ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఉంది. ఇంట్రానెట్‌లోని పవర్ బీఐ రిపోర్టు సాయంత్రమైనా పొద్దున లెక్కలే చూపిస్తోంది. పైన ‘చివరి అప్‌డేట్’ అని పెట్టిన టైమేమో ఎప్పుడు చూసినా ఐదున్నర గంటలు వెనక ఉంటోంది. దేన్ని నమ్మాలి?

రెండు వేరువేరు తప్పులు కలిశాయి, విడదీసి చూద్దాం.

ముందు టైము. ఆ కార్డులో ‘నౌ’ ఫంక్షన్‌తో రాసిన మెజర్ (లెక్కకట్టే సూత్రం) పెట్టి ఉంటారు. పవర్ బీఐ సర్వీసు గడియారం యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయం) నడుస్తుంది, మన సమయం దానికి ఐదున్నర గంటలు ముందు. అందుకే ఆ తేడా. దానికి ఐదున్నర గంటలు కలిపితే అంకె సరిగ్గా కనిపిస్తుంది గానీ తప్పు మాత్రం పోదు. మెజర్‌లోని ‘నౌ’ రిపోర్టు చూసిన క్షణాన్ని చూపిస్తుంది, డేటా ఎప్పటిదో చూపించదు. నిన్నటి డేటా ముందు పెట్టుకుని కూడా ‘ఇప్పుడే అప్‌డేట్ అయింది’ అని చెప్పే కార్డు లేకపోవడమే మేలు. డిస్పాచ్ టేబుల్‌లో లారీ గేటు దాటినప్పుడు నమోదయ్యే సమయం కాలమ్ ఉంటుంది. దాని గరిష్ఠ విలువను కార్డులో పెట్టండి. ‘చివరి లారీ నమోదు: 16:42’ అని కనిపిస్తే అది ఎవరూ కాదనలేని సమాచారం. రిఫ్రెష్ జరిగిన సమయం కూడా కావాలంటే పవర్ క్వెరీలో (పవర్ బీఐలో డేటా లోడ్ చేసే భాగం) యూటీసీ సమయాన్ని ఐదు గంటల ముప్పై నిమిషాల జోన్‌కు మార్చి ఒక చిన్న టేబుల్‌గా లోడ్ చేయండి. అది రిఫ్రెష్ అయినప్పుడే మారుతుంది.

ఇక పాత లెక్కలు. మీ రిపోర్టు ఇంపోర్ట్ మోడ్‌లో ఉండి ఉంటుంది. ఆ పద్ధతిలో డేటా కాపీ అయి పవర్ బీఐలో కూర్చుంటుంది, రిఫ్రెష్ చేస్తేనే కొత్తది వస్తుంది. ప్రో లైసెన్సుతో షెడ్యూల్ రిఫ్రెష్ రోజుకు 8 సార్లు, ప్రీమియం కెపాసిటీలో 48 సార్లు పెట్టుకోవచ్చు. షెడ్యూల్ పెట్టేచోట టైమ్ జోన్ మార్చారో లేదో చూడండి. యూటీసీలోనే వదిలేస్తే మీరు పొద్దున తొమ్మిదికి పెట్టింది మధ్యాహ్నం రెండున్నరకు నడుస్తుంది. పెట్టిన సమయానికి సరిగ్గా మొదలవుతుందన్న హామీ కూడా లేదు, కొంత ఆలస్యం సహజం. కాబట్టి పదకొండు గంటల మీటింగుకు పదకొండుకు కాకుండా పదింటికే పెట్టండి.

ఎనిమిది సార్లూ పెట్టినా పొద్దున డేటాయే ఉందంటే రిఫ్రెష్ విఫలమవుతోందన్నమాట. వర్క్‌స్పేస్‌లో సెమాంటిక్ మోడల్ (రిపోర్టు వెనకున్న డేటా) దగ్గర రిఫ్రెష్ హిస్టరీ తెరవండి, కారణం అక్కడే రాసి ఉంటుంది. వరుసగా నాలుగుసార్లు విఫలమైతే షెడ్యూల్ దానంతట అదే ఆగిపోతుంది. కారణం సరిచేసిన తర్వాత మీరే మళ్లీ ఆన్ చేయాలి. రెండు నెలలపాటు ఎవరూ రిపోర్టు తెరవకపోయినా ఆగుతుంది. విఫలమైతే మెయిల్ వచ్చే ఏర్పాటు ఉంది, అది ఒక్కరికే కాకుండా ఇద్దరికి వెళ్లేలా పెట్టండి.

విఫలం కావడానికి ఎక్కువసార్లు గేట్‌వేయే కారణం. ఆఫీసులోని సర్వర్‌కూ పవర్ బీఐకీ మధ్య ఆన్-ప్రెమిసెస్ డేటా గేట్‌వే అనే సాఫ్ట్‌వేర్ నడుస్తూ ఉండాలి. దాన్ని అకౌంటెంటు ల్యాప్‌టాప్‌లో వేస్తే ఆయన మూత వేసిన క్షణం నుంచి రిఫ్రెష్ ఆగుతుంది. ఎప్పుడూ ఆన్‌లో ఉండే విండోస్ కంప్యూటర్‌లో స్టాండర్డ్ మోడ్‌లో వేయండి, స్లీప్ ఆపేయండి, యూపీఎస్ మీద పెట్టండి. కరెంటు పోయి వచ్చినప్పుడు కంప్యూటర్ తనే ఆన్ అయ్యేలా బయాస్‌లో ఒక సెట్టింగు ఉంటుంది, మన దగ్గర అది తప్పక పెట్టుకోవాలి. ఇంటర్నెట్ రూటర్ కూడా అదే యూపీఎస్ మీద ఉండాలి. గేట్‌వే కోసం బయటి నుంచి లోపలికి ఏ పోర్టూ తెరవక్కర్లేదు. లోపలి నుంచి బయటికి 443, 5671, 5672, 9350 నుంచి 9354 వరకు పోర్టులు ఫైర్‌వాల్‌లో వదలాలి. డేటాబేస్ పాస్‌వర్డు మార్చి గేట్‌వేలో మార్చడం మరచిపోవడం ఇంకో మామూలు కారణం. రిపోర్టుల కోసం విడిగా, చదవడానికి మాత్రమే అనుమతి ఉన్న యూజరును పెడితే ఈ తలనొప్పి తగ్గుతుంది.

ఇన్ని చేసినా నిమిషాల్లో తాజా కావాలంటే డైరెక్ట్‌క్వెరీ మోడ్ ఉంది. అందులో డేటా కాపీ కాదు, రిపోర్టు తెరిచినప్పుడల్లా మీ సర్వర్‌నే అడుగుతుంది. తెరిచి ఉంచిన పేజీ దానంతట అదే మారాలంటే ‘ఆటోమేటిక్ పేజ్ రిఫ్రెష్’ పెట్టాలి. మామూలు షేర్డ్ కెపాసిటీలో దాని కనీస వ్యవధి 30 నిమిషాలు. ప్రీమియంలో అడ్మిన్ ఒప్పుకుంటే ఒక సెకను దాకా తగ్గించవచ్చు. ఇంపోర్ట్ మోడ్ రిపోర్టుకు ఈ సౌకర్యం లేదు. గోడ మీది టీవీలో పొద్దున తెరిచి వదిలేస్తే వెనక ఎన్నిసార్లు రిఫ్రెష్ అయినా సాయంత్రం దాకా పాత చార్టే నిలబడి ఉండవచ్చు, పేజీని మళ్లీ లోడ్ చేయాల్సిందే.

మా సలహా: అంతటినీ డైరెక్ట్‌క్వెరీకి మార్చకండి. గేటు దగ్గర నిలబడ్డ లారీలు, ఈరోజు డిస్పాచ్ టన్నులు, నిమిషాల్లో కావాల్సినవి ఈ రెండే. వాటికో చిన్న రిపోర్టు డైరెక్ట్‌క్వెరీలో చేయండి. నెలవారీ కిరాయి, డీజిల్ లెక్క, పార్టీలవారీ బాకీ ఇంపోర్ట్‌లోనే ఉండనివ్వండి. ఐదేళ్ల డేటా ప్రతిసారీ లాగుతుంటే కొత్త డేటా మాత్రమే లాగే ఇంక్రిమెంటల్ రిఫ్రెష్ పెట్టండి, అది ప్రోలోనూ ఉంది. ‘రేంజ్‌స్టార్ట్’, ‘రేంజ్‌ఎండ్’ అన్న రెండు పారామీటర్లు సరిగ్గా ఆ ఇంగ్లీషు పేర్లతోనే (RangeStart, RangeEnd), తేదీ-సమయం రకంలోనే ఉండాలి. పేరులో అక్షరం తేడా వచ్చినా పనిచేయదు.

అనంతపురం నుంచి: మాది ఎరువులు, పురుగుమందుల పంపిణీ. హిందూపురం, కదిరి, గుంతకల్లు, రాయదుర్గంలో బ్రాంచీలున్నాయి. లింకు చివర ఊరి పేరుతో ఫిల్టర్ పెట్టి ఒక్కో మేనేజరుకు ఒక్కో లింకు ఇచ్చాం. ఒకాయన ఊరి పేరు మార్చి పక్క బ్రాంచి లెక్కలు చూసేశారు. బ్రాంచికో రిపోర్టు చేయాలా?

అక్కర్లేదు, ఒక్కటి చాలు. లింకులోని ఫిల్టరు సౌకర్యం కోసం పెట్టింది, దాన్ని చూసేవాళ్లు మార్చుకోవచ్చు, తీసేయవచ్చు. మీకు కావాల్సింది రో-లెవల్ సెక్యూరిటీ.

పవర్ బీఐ డెస్క్‌టాప్‌లో రెండు కాలమ్‌ల టేబుల్ ఒకటి చేయండి: మెయిలు, బ్రాంచి. ఒకే మేనేజరు రెండు బ్రాంచీలు చూస్తుంటే ఆయన మెయిలు రెండు వరుసల్లో రాయండి. దాన్ని బ్రాంచీల టేబుల్‌కు కలపండి. ‘మోడలింగ్’లో ‘మేనేజ్ రోల్స్’ తెరిచి ఒక రోల్ పెట్టి, ఆ టేబుల్ మీద మెయిలు కాలమ్ ‘యూజర్‌ప్రిన్సిపల్‌నేమ్’ ఫంక్షన్‌కు (లాగిన్ అయినవారి మెయిలు ఇచ్చేది) సమానం అని ఫిల్టర్ రాయండి. చాలామంది ఇక్కడే తప్పిపోతారు: మెయిలు టేబుల్ ‘మెనీ’ వైపు (ఒకే బ్రాంచి పలు వరుసల్లో వచ్చే వైపు) ఉంటుంది కాబట్టి దాని ఫిల్టరు మామూలుగా బ్రాంచీల టేబుల్‌కు ఎక్కదు. రిలేషన్‌షిప్‌ను రెండు దిక్కులా మార్చి, ‘అప్లై సెక్యూరిటీ ఫిల్టర్ ఇన్ బోత్ డైరెక్షన్స్’ టిక్ పెట్టాలి. అది లేకపోతే అందరికీ అన్నీ కనిపిస్తాయి. తర్వాత పబ్లిష్ చేసి, సర్వీసులో సెమాంటిక్ మోడల్‌కు ‘సెక్యూరిటీ’ తెరిచి మేనేజర్లను ఆ రోల్‌లో చేర్చండి.

అన్నీ సరిగ్గా చేసినా ఒకరికి మొత్తం కనిపిస్తోందంటే వర్క్‌స్పేస్‌లో ఆయనకు ఏ హోదా ఇచ్చారో చూడండి. రో-లెవల్ సెక్యూరిటీ ‘వ్యూయర్’కే వర్తిస్తుంది. అడ్మిన్, మెంబర్, కంట్రిబ్యూటర్ హోదా ఉన్నవాళ్లకు వర్తించదు. ‘ఎందుకైనా మంచిద’ని మేనేజర్లందరినీ మెంబర్లుగా చేర్చిన చోట పెట్టిన సెక్యూరిటీ అంతా వృథా. ఇంకొకరికి ఏమీ కనిపించకపోతే ఆయన లాగిన్ పేరూ టేబుల్‌లో రాసిన మెయిలూ వేరుగా ఉన్నాయేమో చూడండి. కంపెనీ డొమైన్ మారినచోట ఇది జరుగుతుంది. ‘టెస్ట్ యాజ్ రోల్’తో ఒక్కొక్కరి పేరు మీదా తెరిచి చూశాకే లింకు పంపండి.

ఒక పర్యవసానం ముందే తెలుసుకోండి. రోల్ పెట్టాక కదిరి మేనేజరుకు కంపెనీ మొత్తం కూడా తన బ్రాంచి మొత్తంగానే కనిపిస్తుంది, సగటుతో పోల్చుకోలేరు. పోలిక కావాలంటే కంపెనీ మొత్తాలను మాత్రమే ఉంచిన వేరే టేబుల్ చేసి, దాన్ని బ్రాంచీల టేబుల్‌కు కలపకుండా ఉంచండి.

బేతంచర్ల నుంచి: మాది పాలిష్ బండల ఫ్యాక్టరీ. లారవెల్‌లో రాసిన చిన్న ఆఫీసు పోర్టల్, మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ ఉన్నాయి. నెలనెలా లైసెన్సులు కట్టలేం. ఉత్పత్తి చదరపు అడుగులు, లోడింగ్, పార్టీ బాకీలు పోర్టల్‌లో కనపడాలి.

డ్యాష్‌బోర్డులు చేసే మెటాబేస్ అనే సాఫ్ట్‌వేర్ మీకు సరిపోతుంది. ఓపెన్ సోర్స్ వెర్షన్ ఉచితం, మీ సర్వర్ మీదే నడుస్తుంది. ఉచిత వెర్షన్‌లో పొదిగిన చార్టు కింద మెటాబేస్ పేరు కనిపిస్తుంది, లోపల వాడుకునేవాళ్లకు దానితో ఇబ్బంది లేదు. ఇరవై మంది చూసే చోట 4 జీబీ ర్యామ్ ఉన్న కంప్యూటర్ చాలు. డాకర్‌లో (సాఫ్ట్‌వేర్‌ను విడి పెట్టెలో నడిపే పద్ధతి) వేస్తే 3000 పోర్టులో తెరుచుకుంటుంది.

వేసిన రోజే చేయాల్సిన పని ఒకటుంది. మెటాబేస్ తన సొంత సమాచారాన్ని, అంటే మీరు చేసిన చార్టులు, డ్యాష్‌బోర్డులు, యూజర్లను మొదట హెచ్2 అనే ఫైలులో దాచుకుంటుంది. డాకర్ కంటైనర్‌ను తీసేసి కొత్త వెర్షన్ వేస్తే ఆ ఫైలుతోపాటు నెలల పని పోతుంది. మొదట్లోనే పోస్ట్‌గ్రెస్ లేదా మైఎస్‌క్యూఎల్‌లో విడిగా ఒక డేటాబేస్ ఇచ్చి అందులో దాచుకోమని సెట్ చేయండి, దానికి రోజూ బ్యాకప్ పెట్టండి.

పోర్టల్‌లో పొదగడం ఇలా. అడ్మిన్ సెట్టింగ్స్‌లో ఎంబెడింగ్ కింద స్టాటిక్ ఎంబెడింగ్ ఆన్ చేస్తే ఒక రహస్య కీ వస్తుంది. వెర్షన్‌ను బట్టి మెనూ పేర్లు కొద్దిగా మారతాయి. డ్యాష్‌బోర్డు తెరిచి షేరింగ్‌లో ఎంబెడ్ ఎంచుకుని, ప్రతి ఫిల్టరుకూ మూడింటిలో ఒకటి నిర్ణయించండి: డిజేబుల్డ్, ఎడిటబుల్, లాక్డ్. సేల్స్ వాళ్లకు తమ పార్టీల లెక్కలే కనపడాలంటే ఆ ఫిల్టరు లాక్డ్‌గా ఉండాలి. తర్వాత పబ్లిష్. ఇక మీ లారవెల్ కోడ్ ప్రతిసారీ ఒక జేడబ్ల్యూటీ టోకెన్ (సంతకం చేసిన డిజిటల్ చీటీ) తయారుచేయాలి. అందులో డ్యాష్‌బోర్డు నంబరు, లాక్ చేసిన ఫిల్టరు విలువ, టోకెన్ గడువు ఉంటాయి. దాన్ని రహస్య కీతో హెచ్ఎస్256 పద్ధతిలో సంతకం చేసి ఐఫ్రేము చిరునామా చివర పెడతారు. లాగిన్ అయిన మనిషెవరో పోర్టల్‌కు తెలుసు కాబట్టి ఫిల్టరు విలువను సెషన్ నుంచే తీసుకోండి, బ్రౌజర్ పంపిన దాన్ని నమ్మవద్దు. రహస్య కీ సర్వర్‌లోనే ఉండాలి. జావాస్క్రిప్ట్‌లో రాస్తే పేజీ సోర్స్ చూసిన ఎవరైనా తమకు నచ్చిన టోకెన్ చేసుకోగలరు.

గడువు మామూలుగా పది నిమిషాలు పెడతారు. పది నిమిషాల తర్వాత ఫిల్టరు మార్చినా, ఆటో రిఫ్రెష్ జరిగినా ‘టోకెన్ ఎక్స్‌పైర్డ్’ అని వస్తుంది. పేజీ అంతసేపు తెరిచి ఉంచే అలవాటు మీవాళ్లకు ఉంటే, గడువు తీరకముందే కొత్త టోకెన్‌తో ఐఫ్రేమును మళ్లీ లోడ్ చేసే నాలుగు లైన్ల జావాస్క్రిప్ట్ చేర్చండి. పేజీ తెరవగానే ఆ మాట వస్తుంటే రెండు సర్వర్ల గడియారాల్లో తేడా ఉంది. రెండింటికీ ఎన్‌టీపీతో (ఇంటర్నెట్ నుంచి సరైన సమయం తెచ్చే పద్ధతి) సమయం కలపండి. కార్డుల్లో తేదీలు ఒక రోజు ముందు చూపిస్తే మెటాబేస్‌లో రిపోర్ట్ టైమ్ జోన్‌ను ఆసియా/కోల్‌కతాగా పెట్టండి.

‘పబ్లిక్ లింక్’ అనే సౌకర్యం మెటాబేస్‌లోనూ ఉంది. పైన ఆదోని పాఠకుడికి చెప్పిందే దానికీ వర్తిస్తుంది.

ప్రొద్దుటూరు నుంచి: బట్టల హోల్‌సేల్. పోర్టల్‌లో డ్యాష్‌బోర్డు పెట్టినప్పటి నుంచి పండగ సీజన్‌లో బిల్లు కొట్టేటప్పుడు సిస్టమ్ పది, పదిహేను సెకన్లు ఆగుతోంది. డ్యాష్‌బోర్డు తీసేయాలా?

తీసేయక్కర్లేదు గానీ ఈ సీజన్ దాటేదాకా ఆటో రిఫ్రెష్ మాత్రం ఈరోజే ఆపండి. లెక్క చూడండి: డ్యాష్‌బోర్డులో పది చార్టులు, తెరిచి ఉంచినవాళ్లు ముప్పై మంది, నిమిషానికోసారి రిఫ్రెష్. నిమిషానికి 300 క్వెరీలు. అందరూ ఒకే అంకెను చూస్తున్నా సర్వర్ 300 సార్లు కూడుతోంది, అదీ బిల్లు రాసే టేబుళ్ల మీదే.

క్వెరీ చదువుతుంటే బిల్లు రాయడం ఎందుకు ఆగాలి అన్నది డేటాబేస్‌ను బట్టి ఉంటుంది. మైఎస్‌క్యూఎల్ అయితే ‘షో టేబుల్ స్టేటస్’ కొట్టి ఇంజిన్ కాలమ్ చూడండి. పాత బిల్లింగ్ సాఫ్ట్‌వేర్లలో టేబుళ్లు ఇంకా మైఐశామ్‌లో ఉంటాయి. అందులో ఒకరు చదువుతున్నంతసేపూ టేబుల్ మొత్తానికి తాళం పడుతుంది, రాసేవాళ్లు చాలాసార్లు ఆగాల్సి వస్తుంది. ఇన్నోడీబీకి మారిస్తే ఆ ఆగడం పోతుంది. సాఫ్ట్‌వేర్ ఇచ్చినవాళ్లను అడిగి, బ్యాకప్ తీసుకుని, దుకాణం మూసిన తర్వాత మార్చండి. ఎస్‌క్యూఎల్ సర్వర్ అయితే మామూలు పద్ధతిలో చదివే క్వెరీలు షేర్డ్ లాక్‌లు వేస్తాయి, రాసేవాటిని ఆపుతాయి. ‘రీడ్ కమిటెడ్ స్నాప్‌షాట్’ ఆన్ చేస్తే చదివేవాళ్లకు పాత వరుస చూపించి రాసేవాళ్లను పోనిస్తుంది. చాలామంది క్వెరీలో ‘నోలాక్’ అని చేర్చి అయిపోయిందనుకుంటారు. అలా చేస్తే సగం రాసిన బిల్లులు, రద్దయిన బిల్లులు కూడా మొత్తంలో కలుస్తాయి, ఒక్కోసారి ఒకే వరుస రెండుసార్లు వస్తుంది. డబ్బు లెక్క చూపే రిపోర్టులో అది పనికిరాదు.

తాళాల సంగతి తేలాక బరువు తగ్గించాలి. అన్నిటికంటే ఫలితమిచ్చేది సారాంశ టేబుల్: ఐదు నిమిషాలకోసారి ఒకే క్వెరీ నడిచి, ఈరోజు తేదీ, కౌంటరు, సరుకు రకంవారీగా మొత్తాలు కూడి ఒక చిన్న టేబుల్‌లో రాస్తుంది, డ్యాష్‌బోర్డు దాన్నే చదువుతుంది. నిమిషానికి 300 భారీ క్వెరీల స్థానంలో ఐదు నిమిషాలకు ఒకటి నడుస్తుంది. పోస్ట్‌గ్రెస్‌లో దీనికి మెటీరియలైజ్డ్ వ్యూ ఉంది. రిఫ్రెష్ చేసేటప్పుడు చూసేవాళ్లు ఆగకుండా ఉండాలంటే ‘కాంకరెంట్లీ’ అని చేర్చాలి, దానికి వ్యూ మీద యూనిక్ ఇండెక్స్ (త్వరగా వెతకడానికి పెట్టే, ఒకే విలువ రెండుసార్లు రాని సూచిక) తప్పనిసరి. అంతకంటే వ్యాపారం పెద్దదైతే రెప్లికా (డేటాబేస్ నకలు) సర్వర్ పెట్టి రిపోర్టులన్నీ దాని మీదికి మళ్లించండి.

రిపోర్టుల యూజరుకు ముప్పై సెకన్ల టైమ్‌ఔట్ కూడా పెట్టండి. ఎవరో ఐదేళ్ల డేటా అడిగితే ఆ క్వెరీ ఆగిపోవాలి గానీ కౌంటరు దగ్గర క్యూ పెరగకూడదు. బిల్లు తేదీ కాలమ్ మీద ఇండెక్స్ ఉందో లేదో కూడా చూడండి, చాలాచోట్ల ఉండదు. ఉన్నా, క్వెరీలో ఆ కాలమ్‌ను ‘ఇయర్’ లాంటి ఫంక్షన్‌లో పెడితే ఇండెక్స్ వాడదు. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు అని రాయాలి.

కర్నూలు నుంచి: సోలార్ ప్లాంటు నిర్వహణలో పనిచేస్తాను. ఇన్వర్టర్ల ఉత్పత్తి గ్రఫానాలో (లైవ్ చార్టులు చూపే సాఫ్ట్‌వేర్) బాగా కనిపిస్తుంది. ఆఫీసు పోర్టల్‌లో ఐఫ్రేముగా పెడితే తెల్ల పెట్టె, ‘రిఫ్యూజ్డ్ టు కనెక్ట్’ అన్న మాట తప్ప ఏమీ రావడం లేదు.

గ్రఫానా తనను ఇంకో పేజీలో పొదగనివ్వనని బ్రౌజర్‌కు చెబుతోంది. కాన్ఫిగరేషన్ ఫైలులో సెక్యూరిటీ విభాగం కింద ‘అలో ఎంబెడింగ్’ మామూలుగా ‘ఫాల్స్’ అని ఉంటుంది. ‘ట్రూ’ చేసి సర్వీసు రీస్టార్ట్ చేయండి.

అప్పుడు లాగిన్ పేజీ వస్తుంది, పాస్‌వర్డు కొట్టినా మళ్లీ లాగిన్ పేజీయే వస్తుంది. పోర్టల్ ఒక డొమైన్‌లో, గ్రఫానా ఇంకో డొమైన్‌లో ఉంటే ఐఫ్రేములో కుకీ పోదు. కుకీ సెట్టింగులు సడలించడం కంటే రెండింటినీ ఒకే చిరునామా కిందికి తేవడం మేలు. ఎన్‌జిన్‌ఎక్స్ రివర్స్ ప్రాక్సీ (వచ్చిన రిక్వెస్టులను వెనకున్న సర్వర్లకు పంపే మధ్యవర్తి) పెట్టి, పోర్టల్ చిరునామా తర్వాత స్లాష్ గ్రఫానా అని వచ్చేలా చేయండి. గ్రఫానాలో ‘రూట్ యూఆర్ఎల్’ను అలాగే మార్చి ‘సర్వ్ ఫ్రమ్ సబ్ పాత్’ ఆన్ చేయాలి. పోర్టల్ హెచ్‌టీటీపీఎస్‌లో ఉంటే గ్రఫానా కూడా అందులోనే ఉండాలి, లేకపోతే బ్రౌజర్ అడ్డుకుంటుంది. ఈ ప్రాక్సీతో ఆ పనీ అయిపోతుంది.

లాగిన్ బాధ తప్పించడానికి అనానిమస్ యాక్సెస్ ఆన్ చేయమని చాలామంది సలహా ఇస్తారు. గ్రఫానాలో వ్యూయర్ హోదా ఉన్నవాళ్లు డ్యాష్‌బోర్డులో పెట్టిన క్వెరీలే కాదు, ఆ ఆర్గనైజేషన్‌లోని డేటా సోర్సులకు తాము రాసిన ఏ క్వెరీనైనా పంపగలరు. కంట్రోల్ రూము టీవీకి అనానిమస్ తప్పదనుకుంటే దాని కోసం వేరే ఆర్గనైజేషన్ చేసి, అందులో ఉత్పత్తి డేటా సోర్సు ఒక్కటే ఉంచండి. టీవీకి లింకు చివర ‘కియోస్క్’ చేర్చితే మెనూలు పోతాయి. రిఫ్రెష్ 30 సెకన్లు పెట్టండి. ఇన్వర్టర్ డేటా నిమిషానికోసారి వస్తుంటే ఐదు సెకన్ల రిఫ్రెష్ వల్ల అదే అంకె పన్నెండుసార్లు వస్తుంది, అంతే.

అనంతపురం నుంచి మరొకరు: చీనీ కాయల ఎగుమతి. రోజు ధరలు, లోడ్లు గూగుల్ షీట్‌లో రాస్తాం. దీనికి ఇంత హంగామా కావాలా?

అక్కర్లేదు. గూగుల్ వారి రిపోర్టుల సాఫ్ట్‌వేర్ లుకర్ స్టూడియోలో షీట్‌ను కలిపి రిపోర్టు చేసి, ఫైల్ మెనూలో ‘ఎంబెడ్ రిపోర్ట్’ ఆన్ చేసి, ఇచ్చిన ఐఫ్రేము కోడ్ మీ పేజీలో పెట్టండి. షీట్ డేటా మామూలుగా పదిహేను నిమిషాలకోసారి తాజా అవుతుంది. రిపోర్టును లింకు ఉన్నవాళ్లందరికీ కాకుండా మీవాళ్ల మెయిళ్లకే షేర్ చేయండి. వాళ్లు బ్రౌజర్‌లో గూగుల్‌లోకి లాగిన్ అయి ఉండాలి. థర్డ్ పార్టీ కుకీలు ఆపిన బ్రౌజర్లలో లాగిన్ అయినా తెరుచుకోకపోవచ్చు, అప్పుడు పక్కనే రిపోర్టును నేరుగా తెరిచే లింకు ఒకటి ఇవ్వండి. షీట్‌లో కాలమ్ పేరు మార్చినా, టన్నుల కాలమ్‌లో ‘రాలేదు’ అని అక్షరాల్లో రాసినా చార్టు విరిగిపోతుంది. ఆ గడుల్లో అంకెలు తప్ప వేరేవి పడకుండా డేటా వ్యాలిడేషన్ పెట్టండి.

కడప నుంచి: మా లెక్కలన్నీ ట్యాలీలో ఉన్నాయి. ట్యాలీ నుంచే పోర్టల్‌కు లైవ్‌గా తేవచ్చా?

నేరుగా వద్దు. ట్యాలీ ఓడీబీసీ ద్వారా, ఎక్స్ఎంఎల్ ద్వారా (డేటాను వేరే సాఫ్ట్‌వేర్‌కు అందించే రెండు పద్ధతులు) డేటా ఇస్తుంది, మామూలుగా 9000 పోర్టులో. కానీ ఇవ్వాలంటే ఆ కంప్యూటర్‌లో ట్యాలీ తెరిచి ఉండాలి, మీ కంపెనీ లోడ్ అయి ఉండాలి. అకౌంటెంటు కంపెనీ మార్చినా, ట్యాలీ మూసినా పోర్టల్‌లో ఖాళీ చార్టులు. పెద్ద కంపెనీ డేటా అడిగితే ట్యాలీ స్క్రీను కాసేపు కదలదు కూడా.

పని చేసే పద్ధతి: మధ్యాహ్నం భోజనం వేళకు ఒకసారి, రాత్రి లెక్కలు ముగిశాక ఒకసారి, చిన్న స్క్రిప్టుతో వోచర్లు, లెడ్జర్ బాకీలు ఎక్స్ఎంఎల్‌గా తెచ్చి పోస్ట్‌గ్రెస్‌లోనో మైఎస్‌క్యూఎల్‌లోనో వేయండి. పోర్టల్ అక్కడి నుంచి చదవాలి. ట్యాలీలో పాత తేదీల వోచర్లు దిద్దడం మామూలే కాబట్టి కొత్తవి మాత్రమే తెస్తే లెక్క తప్పుతుంది. ప్రతిసారీ కనీసం గత నలభై ఐదు రోజులవి చెరిపి మళ్లీ వేయండి, ఆదివారం రాత్రి ఆర్థిక సంవత్సరం మొత్తం మళ్లీ తెచ్చుకోండి. ఏప్రిల్‌లో పాత సంవత్సరం విడగొట్టి కొత్త కంపెనీ తెరిస్తే స్క్రిప్టులో కంపెనీ పేరు మార్చడం మరచిపోవద్దు. తెచ్చిన వెంటనే ట్యాలీ ట్రయల్ బ్యాలెన్స్‌లోని మొత్తంతో డేటాబేస్‌లోని మొత్తాన్ని స్క్రిప్టే పోల్చి, రూపాయి తేడా వచ్చినా ఆ విడత డేటాను పోర్టల్‌లోకి వదలకుండా పాతదే ఉంచి మీకు మెయిల్ పంపేలా రాయించండి.